గుండె చుట్టూ నెత్తురు

లిఫ్టు మెకానిక్ మూడో అంతస్తు నుంచి గోతిలోకి పడి ప్రాణాలతో బయటపడ్డాడంటే, గట్టి పిండమే అన్నారంతా. పక్కటెముకలు నుజ్జయ్యాయి, స్పృహ లేదు. గంటకోసారి అతని గుండెకి ఎకో తీసి చూడడం టెక్నీషియను పని. వార్డులో ఆవిడని అందరూ ఎకో అక్క అంటారు. మనిషి మొహం మర్చిపోతుందేమో గానీ గుండెని మర్చిపోదని నర్సుల వేళాకోళం.

"మా ఆయనకి పర్లేదు కదా అక్కా?" మెకానిక్ భార్య పొద్దుట్నుంచీ ఆవిడ చెయ్యి వదల్లేదు.

"ప్రస్తుతానికి పర్లేదమ్మా."

పదింటికి అది నిజమే. పదకొండింటికి తెరమీద గుండె చుట్టూ సన్నటి నల్లచార కనిపించింది. నెత్తురు. పన్నెండయ్యేసరికి అది వేలెడు మందమైంది. కుడివైపు గది కొట్టుకున్నప్పుడల్లా లోపలికి నొక్కుకుపోతోంది. అక్క ఒక్క పరుగున సర్జన్ గదికి వెళ్లింది.

ఆయన ప్రమోషన్ కేకు కోస్తున్నాడు.

"సార్, ఏడో బెడ్డు. గుండె చుట్టూ నెత్తురు చేరుతోంది. వెంటనే సూదితో తీసెయ్యాలి."

"బీపీ ఎంత?"

"ఇంకా బాగానే ఉంది సార్, కానీ..."

"బాగుంటే ఈ కంగారేమిటి? మిషను తిప్పేవాళ్లు కూడా నాకు పాఠాలు చెప్పేవాళ్లే!"

గదంతా ఘొల్లుమంది. ఎవరో ఆవిడ చేతిలో కేకు ముక్క పెట్టారు.

పావుగంటకి మళ్లీ వెళ్తే తలుపు తియ్యలేదు. బీపీ ఒక్కసారిగా పడిపోయాక ఆయన పరిగెత్తుకొచ్చి సూది గుచ్చాడు. నెత్తురొచ్చింది గానీ గుండె కదల్లేదు.

భార్య కుప్పకూలింది. సర్జన్ చేతులు తుడుచుకుంటూ, "ఈవిడ ముందే చెప్పి ఉంటే బతికేవాడమ్మా" అన్నాడు. ఆపైన అక్క వైపు తిరిగి, "చెప్పావా నువ్వు?" అని అడిగాడు.

తీసిన బొమ్మలు, సర్జన్‌కి చెప్పినట్టు వాటి కింద తను రాసిన మాట, టైముతో సహా మిషన్లో ఉన్నాయి. ఒక్క మీట నొక్కితే చాలు. కానీ అక్క కాంట్రాక్టు ఉద్యోగం పొడిగించే కాగితం ఆయన బల్లమీదే ఉంది. కేకు తిన్న నర్సులు నేల చూపులు చూస్తున్నారు.

"చెప్పలేదు సార్" అంది అక్క.

"నువ్వు మనిషివేనా? నీ కళ్లు పోను!" మెకానిక్ భార్య ఆవిడ చెంప ఛెళ్లుమనిపించింది. ఎవరూ అడ్డు రాలేదు.

ఆ సాయంత్రమే సర్జన్ ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. ఏడాది అడిగితే మూడేళ్లు ఇచ్చాడు.