జర ఆగు

తప్పు నాది కాదని తేల్చడానికి జలపతిరావు సార్ నాకు మధ్యాహ్నం దాకా గడువిచ్చాడు. కంపెనీ ఆయనది. కరీంనగర్‌లో మెయిల్ సర్వర్ తయారుచేసి చుట్టుపక్కల వ్యాపారుల కోసం నడిపే చిన్న కంపెనీ. తేల్చలేకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు. అదీ అందరి ముందు. ఒళ్ళు మండిపోయింది.

భైంసాలో పత్తి వ్యాపారం చేసే అజీముద్దీన్ ఒక మిల్లుకు పంపిన ధర, ఆయనతో పోటీపడే ఇంకో వ్యాపారికి చేరింది. ఆయన పొద్దున్నే ఫోన్ చేసి సార్‌ను వాయించాడు. మెయిళ్ళు పంపే కోడ్ రాసింది నేను కనుక తప్పు కూడా నాదేనని మా టీమ్ లీడ్ విద్యాధర్ తీర్పు చెప్పేశాడు. కోడ్ తెరిచి చూసిన పాపాన పోలేదు.

"నిషాత్ రాసిందే గదా సార్. జర తొందర పిల్ల" అన్నాడు, టీ ఊదుకుంటూ.

పిల్లనట. ఆయనకూ నాకూ మహా అయితే రెండేళ్ళ తేడా.

పోనీ, తప్పు చేతికి చిక్కుతుందా? ఒక్కో మెయిల్ పంపితే అన్నీ సరిగ్గా వెళ్తున్నాయి. ఒకేసారి గుంపుగా వదిలితే ఒకటో రెండో దారి తప్పుతున్నాయి. మళ్ళీ వదిలితే అదీ లేదు. థ్రెడ్లతో వచ్చే తంటా ఇదే. మా సర్వర్‌లో ఒకేసారి ఎన్నో థ్రెడ్లు నడుస్తాయి, ఒక్కోటి ఒక్కో మెయిల్ పంపుతుంది. అడ్రసు రాసుకునే చోటు మాత్రం అన్నిటికీ ఒక్కటే. ఒక థ్రెడ్ అడ్రసు రాసి మెయిల్ పంపేదాకా ఇంకొకటి లోపలికి రాకూడదు, వస్తే అడ్రసు మారిపోతుంది. అందుకే అక్కడ తాళం పెట్టాను. పెట్టానని నాకు బాగా గుర్తు.

తెరిచి చూస్తే తాళం ఉంది. కానీ మెయిల్ వెళ్ళిపోయాక, అన్నిటికంటే కింద ఉంది. ఇల్లంతా దోచుకుపోయాక గొళ్ళెం పెట్టినట్టుంది.

"గిది ఎవరు కిందికి దింపిన్రు?" అని అడిగాను.

"నేనే. పోయిన వారం. నువ్వు తప్పు జాగల పెట్టినవ్, సరిచేసిన" అన్నాడు విద్యాధర్, మెహర్బానీ చేసినట్టు.

వెళ్ళి జలపతిరావు సార్‌ను పిలుచుకొచ్చాను. మా కోడ్‌లో పేర్లన్నీ తెలుగు మాటలే, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటాం. తాళం వేసేదాని పేరు jaragu, తీసేదాని పేరు po, తెర మీద ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"గా రెండు పేర్లు జర చదువు అన్నా."

"జరగు. పో" అని చదివాడు విద్యాధర్. "పని అయిపోతే థ్రెడ్‌ను జరగుమంటం, పొమ్మంటం. పని కాకముందే జరగుమని ఎట్లంటవ్?"

"అది జరగు కాదన్నా. జర ఆగు."

పక్క సీట్లో కోమల కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"లోపల ఒకరున్నరు, జర ఆగు అని. పని అయినంక పో అని. నన్ను ఒక్క మాట అడిగితే చెప్తుంటి గదా. నీ పక్క కుర్సీలనే కూసుంట."

తాళాన్ని మళ్ళీ పైకి తెచ్చాను. గుంపులు గుంపులుగా మెయిళ్ళు వదిలాం. ఒక్కటీ దారి తప్పలేదు.

"సరే, అయిందేదో అయింది. ఎవల తప్పని ఎంచుతం" అన్నాడు జలపతిరావు సార్.

పొద్దున తప్పుకు పేరుంది, ఊరుంది. విద్యాధర్‌దని తేలగానే అది ఎవరిదీ కాకుండా పోయింది.

సార్ అజీముద్దీన్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. "పొద్దున చెప్పిన గదా భాయ్, మా పిల్ల గడబిడ చేసిందని. మా విద్యాధర్ పట్టుకున్నడు. ఇగ ఫికర్ లేదు..."

నేను లేచాను.

"జర ఆగుండ్రి సార్."

ఆయన ఆగాడు. విద్యాధర్ మాత్రం చప్పున లేచి నాకూ ఫోన్‌కూ మధ్య నిలబడ్డాడు. "ఇప్పుడెందుకు నిషాత్, ఊకో" అన్నాడు గొంతు తగ్గించి.

"జరగు అన్నా" అన్నాను. "గిది మాత్రం జరగే."

ఈసారి ఆయనకు సరిగ్గా అర్థమైంది. జరిగాడు.