రోజర్ చెప్పు

మధ్యాహ్నం మూడైంది. రియాక్టర్ షెడ్డులో కాలి చచ్చిపోయిన కిష్టప్ప మీద కప్పడానికి ఆ మందుల కంపెనీలో ఒక దుప్పటి దొరకలేదు. తోటి కార్మికులే చొక్కాలు విప్పి కప్పారు. కంపెనీ తెప్పించిన అంబులెన్సు మాత్రం ఇంజన్ ఆపకుండా లోపల సిద్ధంగా ఉంది.

గేటుకు అడ్డంగా రెండు వందల మంది కూర్చున్నారు. పంచనామా కాకుండా శవం గేటు దాటితే, కంపెనీ తప్పించుకునేలా చావు రోడ్డు మీద జరిగినట్టు పోలీసులు రాస్తారు. పోయినేడు ఒకడికి అట్లాగే రాశారు.

వాళ్ల ఎదురుగా హెడ్ కానిస్టేబుల్ సంగప్ప, కానిస్టేబుల్ అరుణ, లాఠీలతో మరో ఆరుగురు నిలబడ్డారు.

కిష్టప్ప భార్య మల్లమ్మ సంగప్పను ఎగాదిగా చూసింది. "నువ్వే గదా, పోయిన నెల ముత్తంగి ధర్నాల నా మొగుని ఈపు పగలగొట్టింది? ఇగ ఇప్పుడెవల్ని కొడ్తవ్?"

సంగప్ప తల దించుకున్నాడు. ఆ ధర్నా రోజు పొద్దున, సెలవడిగినందుకు ఎస్సై చంద్రకాంత్ రోల్‌కాల్‌లో ఇరవై మంది ముందర అతణ్ణి ముసలి గాడిద అన్నాడు. ఆ మంట కిష్టప్ప వీపు మీద చల్లారింది. ఆ స్టేషన్ పని అట్లాగే నడిచేది. సీఐ తిట్టు ఎస్సై మీద పడేది, ఎస్సై తిట్టు హెడ్డు మీద. జనం దాకా వచ్చేసరికి తిట్టు లాఠీ అయ్యేది.

సంగప్ప భుజం మీది వైర్‌లెస్ సెట్ గరగరలాడింది. ఎస్సై పిలుస్తున్నాడు. ఎస్సై పిలిస్తే సెట్ వాల్యూమ్ తగ్గించుకోవడం ఆ స్టేషన్‌లో అందరి అలవాటు. జనం ముందర తిట్లు తినడం ఎవరికిష్టం? ఎంత తిట్టినా చివర 'రోజర్', అంటే 'అందింది' అని, చెప్పాల్సిందే. సంగప్ప వేలు మీట మీదికి పోయింది. మల్లమ్మ ఆ వేలినే చూస్తోంది.

అతను మీటను చివరిదాకా తిప్పి వాల్యూమ్ పూర్తిగా పెంచాడు.

"ఏయ్ గాడిదా, ఇంకా ఏం పీకుతున్నవ్ రా? శవాన్ని బండిలేసి గేటు దాటియ్యి. రోడ్డు మీద దొరికిందని నేను రాసుకుంట. ఆడోళ్లు అడ్డమొస్తే తొక్కియ్. రోజర్ చెప్పు."

రెండు వందల మందీ విన్నారు.

"గాడిదలు మనమే అనుకున్నాం," అన్నాడు భీమవరం నుంచి వచ్చిన రియాక్టర్ ఆపరేటర్ వీర్రాజు. "వీళ్లూ గాడిదలేనండోయ్."

మల్లమ్మ నవ్వలేదు. "గాడిదంటే పడ్డవ్. ఇగ శవాన్ని గూడ మోస్తవా?"

"రోజర్ చెప్పు రా," అని సెట్ అరిచింది.

సంగప్ప బటన్ నొక్కి సెట్‌ను మల్లమ్మ నోటి దగ్గర పెట్టాడు. "నువ్వే చెప్పమ్మా. సంగారెడ్డి కంట్రోల్ రూమ్ దాంక ఇనబడ్తది. ఆడ రికార్డయితది."

"నా మొగుడు కిష్టప్ప కంపెనీ లోపల్నే కాలి సచ్చిండు. శవం ఈడ్నే ఉన్నది. నేను ఈడ్నే ఉన్న."

అరుణ తన సెట్ తీసింది. "గేటు కాడికెల్లి అరుణ. శవం షెడ్డుల ఉన్నది. నేను చూసిన. రోజర్."

లోపల షెడ్డు దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ మహేష్ గొంతు సెట్‌లో వచ్చింది. "నేను గూడ చూసిన. రోజర్."

పావుగంటలో ఎస్సై జీపు దిగాడు. సంగప్ప బెల్టు ఊడదీయించి, సెట్ లాక్కుని జీపెక్కించాడు. "లేపుండ్రి వీళ్లను," అన్నాడు మిగిలినవాళ్లతో. ఏడుగురు పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్క లాఠీ లేవలేదు. అంబులెన్సు డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.

మల్లమ్మ జీపు కడ్డీ పట్టుకుంది. "నిన్నయితే మాఫ్ చెయ్య," అంది సంగప్పతో. "గాని నీ కోసం గూడ కూసుంట."

సగం మంది గేటు దగ్గరే ఉన్నారు. మిగిలిన సగం లేచి వచ్చి జీపు ముందర కూర్చున్నారు.