చర్ల పోస్టు

జొన్నపిండి ముద్దను అరచేతుల మధ్య తిప్పి, పీట మీద కాస్త తడి చేసి, వీరన్న రొట్టె తట్టడం మొదలుపెట్టాడు. పెనం అప్పటికే కాగింది. భార్య గోరి బతికున్న రోజుల్లో ఈ వంటింట్లోకి అతడు మంచినీళ్లకు తప్ప వచ్చేవాడు కాదు. ఆమె పోయాక కొన్నాళ్లు హోటల్ తిండి తిన్నాడు. కడుపు చెడింది. చివరికి తనే నేర్చుకున్నాడు. మొదట్లో అతని రొట్టెకు ఒక అంచు మందం, ఒక అంచు చిల్లి. ఇప్పుడు గుండ్రంగానే వస్తున్నాయి. తనకు రెండు చాలు. అయినా గిన్నె నిండా పిండి కలుపుతాడు, ఎందుకంటే ఆఫీసులో తనతో పనిచేసే సర్వర్‌కు జొన్నరొట్టె అంటే ప్రాణం.

యాభై దాటిన మనిషి. సన్నటి మెడ, చెవుల మీద తెల్లవెంట్రుకలు, ఏళ్ల తరబడి సంచీ తగిలించుకుని తగిలించుకుని కొంచెం కిందికి జారిన ఎడమ భుజం. ఎండాకాలమైనా చొక్కా పై గుండీ పెట్టుకుంటాడు. కారేపల్లి దగ్గరి తండా నుంచి ఉద్యోగానికని పాల్వంచ వచ్చినప్పుడు ఎవరో పెద్దాయన ఆఫీసులో అలాగే ఉండాలని చెప్పాడు. ఆ పెద్దాయన ఎప్పుడో రిటైరైపోయాడు గానీ గుండీ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఉండేది కిరాయి ఇల్లు. పక్క పోర్షన్లో కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే కుటుంబం. వీరన్న లేచేసరికి ఆ ఇంటాయన పడుకుంటాడు, వీరన్న వచ్చేసరికి తాళం వేసి ఉంటుంది. పిల్లలు లేరు. శనివారం సాయంత్రం ఆఫీసు గేటు దాటాడంటే సోమవారం దాకా అతనితో మాట్లాడే ప్రాణి ఉండదు. అందుకే సోమవారం పొద్దున మొదటి మాట గొంతులో అడ్డం పడుతుంది, దగ్గి సవరించుకోవలసి వస్తుంది. లోకమంతా సెలవుల కోసం క్యాలెండరు చూస్తే, ఇతను సెలవులు ఎప్పుడు అయిపోతాయా అని చూస్తాడు.

టిఫిన్ డబ్బా సర్దుకుని, తాళం వేసి, తాళాన్ని ఒకసారి లాగి చూసి బయల్దేరాడు.

చెరువులు, కాలువల పనులు చూసే ఇంజనీరింగ్ ఆఫీసు అది. గోడలకు సున్నం కంటే బూజే ఎక్కువ. వీరన్న అందులో సీనియర్ అసిస్టెంటు, సర్వర్ కూడా అంతే. ఇద్దరి టేబుళ్లూ ఎదురెదురుగా ఉంటాయి. అలా ఉండటానికి ఒక కథ ఉంది. గోరి దినాలు అయ్యాక వీరన్న మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజున అందరూ వచ్చి పలకరించారు. 'ఏం చేస్తాం, మన చేతుల్లో లేదు' అన్నారు, ఎవరి టేబులు దగ్గరికి వాళ్లు పోయారు. సర్వర్ ఒక్కడే ఆ మాట అనలేదు. హాలు అవతలి మూల నుంచి తన టేబులును బరబరా ఈడ్చుకొచ్చి వీరన్నకు ఎదురుగా వేశాడు.

"ఈడ ఫ్యాన్ గాలి మంచిగొస్తదన్నా" అన్నాడు. నిజానికి వీరన్న టేబులు పైన ఫ్యానే లేదు.

ఆ మధ్యాహ్నం నుంచి ఇద్దరూ కలిసే తింటున్నారు. సర్వర్ భారీ మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, మనిషి కంటే ముందు లోపలికి వచ్చే గొంతు. తినేటప్పుడు మాట్లాడతాడు, రాసేటప్పుడు మాట్లాడతాడు, ఎవరూ వినకపోతే ఫైలుతో మాట్లాడతాడు. భార్య షాకేరా వంట గురించి, బిడ్డ సనోబర్ చదువు గురించి, బామ్మర్ది మతీన్ కొత్త కారు గురించి అతను చెబుతుంటే వీరన్న 'అవ్' అంటూ వింటాడు. రోజుకు అతనికి దక్కే మాటలన్నీ అవే. అవి చాలు అనుకునేవాడు.

ఇక చర్ల సంగతి. గోదావరి దాటి, అడవి అంచు వెంబడి పోతే వచ్చే చర్లలో సూపరింటెండెంట్ కుర్చీ చాన్నాళ్లుగా ఖాళీగా ఉంది. ఆ ఊరికేం లోటు లేదు. పాల్వంచలో ఇల్లూ వాకిలీ అమర్చుకున్న వాళ్లకే కాళ్లు కదలవు. చర్ల పేరు చెప్పగానే సగం మందికి బీపీ, మిగతా సగం మందికి నడుంనొప్పి వచ్చేస్తాయి. ప్రమోషన్ తమ వంతుకు వస్తే, వద్దని ఒక కాగితం రాసిస్తారు. ఆఫీసులో దాన్ని 'అన్‌విల్లింగ్' అంటారు. ఒకరు అన్‌విల్లింగ్ ఇస్తే సీనియారిటీలో ఆ తర్వాతి పేరును అడుగుతారు.

ఆ వరసలో మొదటి పేరు వీరన్నదే. ఒకసారి ఇంతకుముందే, గోరి దవాఖానాలో ఉన్నప్పుడు, ఇలాంటి ప్రమోషన్ను వదులుకున్నాడు. ఈసారి ఆఫీసరు వెంకటరామారావు పిలిచి, "ఇప్పుడు నీకేం అడ్డు లేదు కదయ్యా, వెళ్లు" అన్నాడు. అడ్డు లేని మాట నిజమే. అయినా వీరన్న ఆరోగ్యం బాగాలేదని రాసిచ్చాడు. అతని ఆరోగ్యం నిక్షేపంలా ఉంది. చర్లలో తన ఎదుటి టేబులు దగ్గర సర్వర్ ఉండడు, అదీ కారణం. ఆ మాట కాగితం మీద రాయలేడు, నోటితోనూ చెప్పలేడు. తర్వాతి పేరు అదే హాల్లో పనిచేసే రాజ్యశ్రీది. ఆమె అత్తగారి మోకాళ్లు అడ్డం పెట్టింది. ఆ తర్వాతి పేరు సర్వర్‌ది. వీరన్నకు ఆ సంగతి తెలియక కాదు. టీ కొట్టు దగ్గర సర్వర్ తొడ చరిచి మరీ అన్నాడు: "చర్లకు నేనా? గోదారిల దూకుత గానీ ఆ కుర్సీల కూసోనన్నా!" ఆ మాట పట్టుకుని వీరన్న గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాడు.

ఈ పొద్దున వీరన్న టేబులు తుడుచుకుని, అలవాటుగా ఎదుటి టేబులు కూడా తుడుస్తుండగా ఆఫీసరు గదిలోంచి సర్వర్ బయటికి వచ్చాడు. చేతిలో కాగితం. ముఖం వెలిగిపోతోంది. వచ్చినవాడు వచ్చినట్టే వీరన్నను వాటేసుకున్నాడు. వీరన్న చేతిలోని గుడ్డ ఇద్దరి మధ్యా నలిగింది.

"ఆర్డర్ వచ్చిందన్నా! చర్ల సూపరింటెండెంట్! చేతికొచ్చేదాక చెప్పొద్దనుకున్న, దిష్టి తగుల్తదని."

"నువ్వు... పోనంటివి గద."

"అప్పుడు నా దాక రాదనుకున్న గదా, గట్లనే అన్న" అని నవ్వి, సర్వర్ గొంతు తగ్గించాడు. "అన్నా, నీ మేలు సచ్చేదాక మర్వను. ఆరోగ్యం బాగలేదని రాసిచ్చినవ్. నీ ఆరోగ్యానికి ఏమైంది? గుండ్రాయి లెక్క ఉన్నవ్. నా కోసమే వదులుకున్నవ్. నాకెర్క."

కాదంటే, మరెందుకు వదులుకున్నావని అడుగుతాడు. "మంచిగైంది" అన్నాడు వీరన్న. తుడిచిన టేబులునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. తనే పోయి ఉంటే సర్వర్ ఇక్కడ ఉండేవాడు, సెలవు రోజున బస్సెక్కి వస్తే కనిపించేవాడు. పోకుండా కూర్చుని, చేతులారా అతన్నే అడవి అంచుకు పంపుకున్నాడు. ఇంత తెలివితక్కువ పని తన సర్వీసులో చేయలేదు.

పొద్దంతా సర్వర్ ఫోను మోగుతూనే ఉంది. మతీన్‌తో మాట్లాడుతూ, "అవ్, సూపరింటెండెంట్‌నే మాట్లాడుతున్న" అని అతనన్నప్పుడు హాలంతా నవ్వింది. ఆ మాట అన్న తీరు చూసి వీరన్నకు కూడా నవ్వొచ్చింది. తనకంటే చిన్నవాళ్లయిన ఆఫీసర్లు 'ఏయ్ సర్వర్' అని పిలిస్తే ఇన్నేళ్లు ఫైలు పట్టుకుని పరిగెత్తిన మనిషి అతను. ఆ ముచ్చట తీరకూడదని ఎలా అనుకోవడం?

మధ్యాహ్నం డబ్బాలు తెరిచారు. వీరన్న రొట్టె, గోంగూర పప్పు. సర్వర్ ఇంటి నుంచి బగారా అన్నం. రోజూ ముందు చెయ్యి రొట్టె మీద పడే మనిషి, ఈ రోజు ముక్క తుంచి పట్టుకుని కూర్చున్నాడు.

"షాకేరా రాదంటున్నదన్నా. సనోబర్‌కు ఇంటర్ ఉంది. ఆడ నేనొక్కన్నే ఉండాలె."

వీరన్న ఇంకో రొట్టె తీసి అతని డబ్బా మూతలో పెట్టాడు.

"పొద్దటి సంది ఎగురుతున్న గానీ, లోపల గుబులుగుంది. ఒక్కన్ని నేనుండలేను, నీకు తెల్వదా? ఇంకా రిలీవ్ కాలే. నువ్వొద్దంటే ఇప్పుడే పోయి సార్‌కు చెప్త. నీ మీద ఒట్టు. పొమ్మంటవా, వద్దంటవా? నువ్వే చెప్పు."

అడిగి, సర్వర్ అతని ముఖంలోకే చూస్తున్నాడు. వద్దు అంటే చాలు. రేపు ఇదే వేళకు ఇదే టేబులు దగ్గర ఇదే గొంతు వినపడుతుంది. చెప్పడానికి సాకులు కూడా నాలుక చివరే ఉన్నాయి. దోమలు, జ్వరాలు, వానాకాలం రోడ్లు. సర్వర్ నమ్ముతాడు. నమ్మడమే కాదు, అన్న తన మంచికే చెప్పాడని నలుగురికీ చెప్పుకుంటాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఆఫీసరు పిలిచినా 'ఏయ్ సర్వర్' అనే పిలుస్తాడు. అప్పుడల్లా తను ఈ ఎదుటి కుర్చీలోనే కూర్చుని వినాలి.

"పో" అన్నాడు వీరన్న. గొంతు సోమవారం పొద్దుటిలా బొంగురుగా వచ్చింది. దగ్గి, మళ్లీ అన్నాడు. "పో సర్వర్. నీకు మంచిగుంటది ఆ కుర్సీ."

సర్వర్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడు. వీరన్న పప్పు అతని వైపు జరిపి, తల ఎత్తకుండా మెల్లగా చెప్పసాగాడు.

"పొద్దున లేవంగనే రేడియో పెట్టుకో. ఎవలదో ఒకల మాట ఇనబడాలె. వంట ఎక్కువ చెయ్యకు, మిగిలింది చూస్తే బాధైతది. రాత్రి లోపల కూసోని తినకు. గడప మీద కూసోని తిను, దారిన పోయేటోళ్లు కనబడ్తరు. పండుగొస్తే ముందే ఇంటికొచ్చెయ్. ఆడ ఉండకు."

సర్వర్ నములుతున్న నోరు ఆగిపోయింది.

"గిన్నేండ్ల నుంచి నువ్వు గట్లనే తింటున్నవా అన్నా?"

"పప్పు మంచిగ కుదిరింది. తిను" అన్నాడు వీరన్న.

రెండు పూటల మధ్య ఇంత పెద్ద మార్పు జరిగినా ఆఫీసులో దానికో పద్ధతి ఉంటుంది. ఆ సాయంత్రమే రిలీవ్ చేశారు. అటెండర్ పుల్లమ్మ మిక్చరూ అరటిపళ్లూ పంచింది. ఆఫీసరు శాలువా కప్పాడు. సర్వర్ లేచి నిలబడి, కళ్లు తుడుచుకుంటూ, "ఈ ప్రమోషన్ నాది కాదు, మా వీరన్న అన్నది. తమ్ముని కోసం వదులుకున్నడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రాజ్యశ్రీ మరీ గట్టిగా కొట్టింది. 'మీరూ రెండు ముక్కలు చెప్పండి వీరన్న గారూ' అని నిలబెట్టారు. వీరన్న చుట్టూ చూశాడు. నీ కోసం కాదురా, నా కోసమే వదులుకున్నాను, నువ్వు లేని ఆఫీసు నాకొద్దని వదులుకున్నాను అని చెప్పెయ్యాలనిపించింది. పై గుండీ సవరించుకున్నాడు.

"సర్వర్ మంచిగ పని చేస్తడు" అని కూర్చున్నాడు.

మతీన్ కారు వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టింది. సర్వర్ అందరి చేతులూ పట్టుకుని, చివరికి వీరన్న చెయ్యి పట్టుకుని, "ఐతారం వస్తనన్నా. రొట్టెలు చెయ్యి" అన్నాడు. మొదట్లో ఒకటి రెండు ఆదివారాలు వస్తాడు, తర్వాత ఇంటికి పోవడానికే సెలవు చాలదు. వీరన్నకు ఆ లెక్క తెలుసు. "చేస్తలే" అన్నాడు. కారు కొత్తగూడెం రోడ్డు వైపు మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాడు. పక్కన నిలబడ్డవాళ్లు అంతకుముందే లోపలికి పోయారు.

హాలులోకి వచ్చేసరికి రాజ్యశ్రీ సంచీ సర్దుకుంటోంది.

"ఆ టేబులు మళ్లీ మూలకి వేయించెయ్యండి వీరన్న గారూ. దారి ఇరుగ్గా ఉంటోంది" అని చెప్పి వెళ్లిపోయింది. ఆమె మాటలో తప్పేం లేదు. నిజంగానే ఇరుకు.

ఆఫీసు ఖాళీ అయింది. పుల్లమ్మ చీపురు పట్టుకుని ఊడుస్తూ వచ్చి, సర్వర్ టేబులు కింద వంగింది.

"సారూ, సర్వర్ సార్ చెప్పులు మర్చిపోయిండు. నమాజుకు కాళ్లు కడుక్కునేటప్పుడు ఏసుకుంటడు గదా, గవి. ఫోన్ చేద్దునా?"

"వద్దు. ఉండనియ్."

"మూలకు పెడ్దునా మరి?"

"ఆడనే ఉండనియ్ పుల్లమ్మా."

ఆమె వాటి చుట్టూ ఊడ్చుకుంటూ పోయింది. కిటికీ మూస్తూ వీరన్న ఒకసారి వెనక్కి తిరిగాడు. ఎదుటి టేబులు కింద నీలం రంగు రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగి, ఇంకా తడి ఆరకుండా, వీరన్న కుర్చీ వైపు తిరిగి ఉన్నాయి.