ఏదీ నొక్కకమ్మా

ఆ ఇంట్లో కంప్యూటర్ ముందుగదిలో, కిటికీ పక్కన ఉంటుంది. పొద్దున్నే దాని ముందు అత్తగారు కూర్చుంటారు. పంతులమ్మగా రిటైరైనప్పటి నుంచి ఆవిడ పుస్తకాలు అచ్చువేసే ఒక సంస్థకు ప్రూఫులు దిద్దిపెడుతున్నారు. ఆవిడ పని ముగిసే వేళకు కొడుకు స్నానం చేసి, తల తుడుచుకుంటూ వస్తాడు.

"అయిందామ్మా? లేచేటప్పుడు ఏదీ నొక్కకమ్మా" అంటాడు.

"నొక్కన్లే నాయనా" అంటూ ఆవిడ రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుని, వేడి పెనం పక్కనుంచి జరిగినట్టు జాగ్రత్తగా లేస్తారు.

రోజూ వినిపించే ఈ చిన్న మాటలో తప్పేముందని ఎవరికైనా అనిపిస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికీ అలాగే అనిపించింది.

అసలు ఆ రోజుల్లో కోడలికి అన్నీ బాగానే అనిపించేవి. భర్త టీలో చక్కెర మరిచిపోయి, నాలుక కరుచుకుని, కప్పు వెనక్కి పట్టుకెళ్లడం బాగుండేది. తువ్వాళ్లను అంచుకు అంచు కలిపి, ఇంటి ప్లాను గీసినంత శ్రద్ధగా మడతపెట్టడం బాగుండేది. అతను ఇళ్ల ప్లాన్లు గీసే మనిషి మరి. ఒకే గొడుగు కింద ఇద్దరూ చెరోవైపు తడుస్తూ కూరగాయలు తెచ్చుకోవడం మరీ బాగుండేది. బాగోనిది ఆ ఇంట్లో ఒక్కటే, ఆ కంప్యూటర్.

కొన్నాళ్లుగా అది మొరాయిస్తోంది. లోపలి ఫ్యాను పిండిమరలా రొద పెడుతోంది. గీత గీస్తే కాసేపు తనలో తాను ఆలోచించుకుని, అప్పుడు తెరమీద చూపిస్తోంది. ఆ రోజు సాయంత్రానికల్లా ఒక కాంట్రాక్టరుకు ప్లాను పంపాలి. సగం గోడలు లేచాయో లేదో, తెర కొయ్యబారిపోయింది.

"ఇక నావల్ల కాదు. నువ్వు చూడు" అని భర్త కుర్చీ వెనక్కి తోశాడు.

"నేను డిగ్రీలో చదివింది కంప్యూటర్ గురించి. ఈ మొండిఘటం గురించి కాదు" అంది కోడలు. అన్నదే కానీ, కొంగు బిగించి కూర్చుంది.

లోపల నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచింది. బారెడు పొడుగుంది. చాలావరకు ఎరిగిన పేర్లే. మధ్యలో ఒకటి మాత్రం కొత్తగా కనిపించింది. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెనక ఒక అంకె, అంతే. ఎవరూ తెరవకుండానే వెనకాల కూర్చుని నడుస్తోంది.

సరిగ్గా అప్పుడే అత్తగారి తమ్ముడు భర్తకు ఫోన్ చేశాడు. అడిగినా అడక్కపోయినా అన్నిటికీ సలహా ఇస్తాడు కాబట్టి చుట్టాలందరూ ఆయన్ని సలహాల మామయ్య అంటారు. సంగతి విని, కళ్లతో చూసినట్టే చెప్పేశాడు.

"అది వైరస్సేరా. పేరు అంత పొట్టిగా ఉంటే అనుమానమే అక్కర్లేదు."

"నీ పేరు కూడా పొట్టిదే కదా మామయ్యా."

"వెటకారాలు తర్వాత. ముందు తీసెయ్. తీసేశాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు."

కోడలికి ఆ మాట నచ్చలేదు. నెట్‌లో వెతికింది. మొదట తగిలిన పేజీ నిండా ఎర్రటి అక్షరాలు. ఇది మీ కంప్యూటర్‌ను నాశనం చేస్తుంది, వెంటనే మా శుభ్రపరిచే ప్రోగ్రాము దించుకోండి అని. భయపెట్టేవాడే మందూ అమ్ముతున్నాడంటే వాణ్ణి నమ్మకూడదని ఆమెకు తెలుసు. ఆ పేజీ మూసేసింది. చేయాల్సిన పద్ధతి ప్రకారం ఆ ప్రోగ్రాము ఏ ఫోల్డరులో ఉందో, తయారుచేసింది ఎవరో, ఎప్పుడు వచ్చిందో చూసింది. ఉండాల్సిన చోటే ఉంది. తయారుచేసినవాళ్ల పేరు ఎన్నడూ వినలేదు. వచ్చిన తేదీ చూస్తే సరిగ్గా వాళ్ల పెళ్లి రోజులు.

"అంటే నీతోపాటే కాపురానికొచ్చిందన్నమాట" అన్నాడు భర్త.

"అయితే నన్ను కూడా తీసేస్తారా?"

"నువ్వు ఇంత నెమ్మది కాదుగా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వైరస్‌లు పట్టే ప్రోగ్రాముతో దాన్ని పరీక్షించబోతే, ఆ పరీక్ష నత్తలా పాకుతోంది. భర్త కాలు ఆపకుండా నేలమీద తాళం వేస్తోంది. మామయ్య మళ్లీ ఫోన్ చేసి, ఈసారి కోడలితో, "ఇంకా తీయలేదా? చదువుకున్న పిల్లవి, ఆమాత్రం చేతకాలేదా?" అన్నాడు. ఫ్యాను రొద నేరుగా తలలోనే తిరుగుతున్నట్టుంది కోడలికి.

ఈ గొడవ విని అత్తగారు గుమ్మం దగ్గరికి వచ్చారు. "ఏమైందిరా?"

"కంప్యూటర్ గొడవమ్మా. నీకు తెలీదులే."

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

కోడలికి విసుగు నెత్తికెక్కింది. పరీక్ష మధ్యలోనే ఆపేసింది. ఆ కొత్త పేరు మీద నొక్కింది. నిజంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. ఆ అడిగిన తీరు కూడా ఆమెకు ఎకసెక్కంలాగే వినిపించింది. తీసెయ్ అంది.

తీసేసినా ఫ్యాను రొద తగ్గలేదు. భర్త తిట్టుకుంటూ వీధి చివరి ఇంటర్నెట్ షాపుకు వెళ్లి, అక్కడ ప్లాను పూర్తిచేసి పంపాడు.

మర్నాడు పొద్దున అత్తగారు కంప్యూటర్ ముందు కూర్చున్న కాసేపటికే లేచిపోయారు. పని తక్కువగా ఉందన్నారు. ఆ మర్నాడూ అంతే. తర్వాత అటువైపు వెళ్లడమే మానేశారు. భోజనాల దగ్గర ఏమడిగినా ఊఁ అంటున్నారు, లేదంటే అదీ లేదు. తను ఏమైనా అనరాని మాట అన్నానేమోనని కోడలు లోలోపల మథనపడింది.

ఒక మధ్యాహ్నం అచ్చు సంస్థ మేనేజరు ఇంటికి ఫోన్ చేశాడు.

"మీ అత్తగారు ఇక ప్రూఫులు చూడలేనన్నారమ్మా. బతిమాలినా వినలేదు. ఆవిడ దిద్దిన పేజీలో మళ్లీ తప్పు వెతకడానికి మావాళ్లకి ధైర్యం చాలదు. కాస్త మీరైనా చెప్పండి."

కోడలు వెళ్లి చూస్తే అత్తగారు మంచం మీద కూర్చుని, శుభ్రంగానే ఉన్న కళ్లజోడును తుడుస్తున్నారు.

"ఎందుకు మానేశారత్తయ్యా?"

"వయసైపోయింది కదమ్మాయ్."

"పెళ్లిలో మా వాళ్లందరికంటే చురుగ్గా తిరిగింది మీరే. నాకు నిజం చెప్పండి."

అత్తగారు కళ్లజోడు పక్కన పెట్టారు. "నాకు చూపు మధ్యలో మసక వచ్చింది. పక్కలు బాగానే కనిపిస్తాయి, చదవాల్సిన ముక్కే చెరిగిపోతుంది. కంటి ఆసుపత్రిలో అమ్మాయి ఒక ప్రోగ్రాము చెప్పింది. మౌస్ బాణం ఏ వాక్యం మీద పెడితే ఆ వాక్యం పెద్దదవుతుంది. తను ఫోన్లో చెబుతుంటే నేనే కంప్యూటర్లో ఎక్కించుకున్నాను. మీకు చెబితే కళ్లకు శ్రమ, మానేయమంటారని చెప్పలేదు." గొంతు తగ్గించి అన్నారు. "మొన్న పొద్దున చూస్తే అక్షరాలు పెరగడం లేదు. ఏదో నొక్కేసి ఉంటాను. వాడు రోజూ చెబుతూనే ఉన్నాడు. పాడుచేశానని తెలిస్తే ఇక ముట్టుకోనివ్వడేమోనని..."

ఆ పొట్టి పేరు, పెళ్లినాటి తేదీ, తను అన్న 'తీసెయ్' అన్నీ ఒక్కసారిగా కోడలి కళ్లముందుకొచ్చాయి.

"మీరేం నొక్కలేదత్తయ్యా. నొక్కింది నేను."

ఆ సాయంత్రం కోడలు పని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుంది. కంటి ఆసుపత్రికి ఫోన్ చేసి ప్రోగ్రాము పేరు, తయారుచేసినవాళ్ల పేరు అడిగి, ఆ రోజు తను చూసినవాటితో రెండూ సరిపోల్చుకుంది. వాళ్లు చెప్పిన చోటి నుంచే దించుకుంది. పరీక్ష నత్తలా పాకినా చివరిదాకా పాకనిచ్చింది. ఏ దోషమూ లేదని తేలింది.

"మరి ఆ రొద సంగతేంటి?" అన్నాడు భర్త.

మొదటిరోజే చేయాల్సిన పని అప్పుడు చేసింది. కంప్యూటర్‌తో ఎక్కువ చాకిరీ చేయించుకుంటున్నది ఏదో పైకి వచ్చేలా జాబితాను సర్దింది. అన్నిటికంటే పైన, ఇద్దరికీ బాగా తెలిసిన పేరే ఉంది. పెళ్లి ఫోటోలు, వీడియోలు పోకుండా నెట్‌లో దాచడానికి భర్త పెట్టిన ప్రోగ్రాము అది. పెద్ద వీడియో ఒకటి సగం ఎక్కడం, తెగిపోవడం, మళ్లీ మొదటి నుంచి మొదలవడం. తెలిసిన పేరని దానివైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. దాన్ని ఆపగానే ఫ్యాను నిట్టూర్చి సద్దుమణిగింది. గోడ గడియారం చప్పుడు వినపడింది.

"మన పెళ్లేనా ఇంత పని చేసింది" అన్నాడు భర్త, మెడ రుద్దుకుంటూ.

అత్తగారు నవ్వారు. బాణాన్ని ఒక వాక్యం మీద పెట్టారు. అక్షరాలు పెద్దవయ్యాయి. దానివైపు చూస్తూనే మాట్లాడారు.

"తెలియనిదాన్ని అనుమానించడం తప్పు కాదురా. తలుపు కొట్టిన ప్రతివాణ్ణీ లోపలికి పిలవమని నేనూ అనను. కానీ ఎవరు, ఎవరికోసం వచ్చారని అడగాలి కదా. మీరు మామయ్య మాట విన్నారు. నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లను అడిగారు. రోజూ ఇదే కుర్చీలో కూర్చునే నన్ను మాత్రం అడగలేదు. గుమ్మందాకా వచ్చినదాన్ని, నీకు తెలీదులే అన్నావు. రోజూ ఏదీ నొక్కకు, ఏదీ నొక్కకు అంటుంటే, ఇంట్లో ఏది చెడినా నా వేలే చెడగొట్టిందని నాకే నమ్మకం వచ్చేసింది."

కొడుకు తల్లి కుర్చీని తెరకు ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

మర్నాడు తల తుడుచుకుంటూ వచ్చి, అలవాటుగా "అమ్మా, ఏదీ..." అని ఆగిపోయాడు. కోడలు వంటింట్లోంచి తొంగిచూసింది. చక్కెర లేని టీ ఆమె చేతిలోనే ఉంది, ఆ సంగతి తర్వాత చెప్పవచ్చులే అనుకుంది. అతను తల్లి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, ఇక్కడ ఇంకో తెలియని పేరుంది. నీదా? తీసేయొచ్చా?"

ఆవిడ బాణాన్ని ఆ పేరు మీదికి జరిపి, అక్షరాలు పెద్దవయ్యాక నెమ్మదిగా చదివారు. "నాది కాదు. అయినా తొందరెందుకు, ఎవరిదో కనుక్కుందాం."

చదువుతున్న మీ ఇంట్లోనూ ఇలాంటి తెలియని పేరు ఒకటి రేపు కనిపించవచ్చు. దాన్ని నమ్మేముందూ తీసేసేముందూ పరీక్షించండి. ఆ పరీక్షలో మొదటి ప్రశ్న మాత్రం నెట్‌ను కాదు, మీతోపాటు ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని అడగండి.