కూత పూర్తయ్యాక వచ్చిన జవాబు

ఇంకా వెలుగు రాలేదు. వాగు మీద మంచు దట్టంగా పట్టి ఉంది. లూర్లీన్ హబర్డ్ చెట్టుకు వీపు ఆనించి నిలబడి, రెండు అరచేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టి, గుడ్లగూబలా కూసింది.

'నీకు వంటెవరు చేస్తారు' అని ఎవరో అడుగుతున్నట్టుండే కూత. అలబామా అడవుల్లో గుడ్లగూబలు అలాగే కూస్తాయి.

ఆ కూత ఆమె వేటాడే టర్కీ కోడిపుంజును రప్పించడానికి కాదు, అది ఎక్కడుందో దాని నోటితోనే చెప్పించడానికి. వసంతంలో అడవి టర్కీ పుంజు నిప్పు తొక్కినట్టుంటుంది. గుడ్లగూబ కూసినా, కాకి అరిచినా, ఉరుము ఉరిమినా, ఎవరైనా బండి తలుపు ధడాలున వేసినా, ఒళ్ళు తెలియకుండా గుళగుళమని ఎదురు కూస్తుంది. దాంతో దాని చోటు బయటపడిపోతుంది. ముందు ఈ జాడ కూత, అది చెట్టు దిగాక దాన్ని దగ్గరికి రప్పించే పెట్ట పిలుపు. లూర్లీన్‌కు ఈ వేటంతా మొగుడు వెర్నన్ నేర్పాడు. అతను పోయాక కూడా ఆమె ఒక్క ఏడాదీ మానలేదు.

కూత ఆగింది. అడవి ఒక్క క్షణం ఊరుకుంది. ఆ తర్వాత గట్టు పైనుంచి గుళగుళమని జవాబు వచ్చింది.

లూర్లీన్ నొసలు ముడిపడింది. నిన్న సాయంత్రం ఇక్కడే నిలబడి కూస్తే, వాగు అవతలి పెద్ద పైన్ మీంచి పుంజు పలికింది. అది అక్కడే నిద్రకు చేరిందని రూఢి చేసుకున్నాకే ఇంటికెళ్ళింది. టర్కీలు చీకట్లో చెట్టు మారవు. గట్టు మీద ఇంకో పుంజు ఉన్నట్టుంది అనుకుంది. అనుకుని సంతోషించింది కూడా.

ఈ మధ్య ఆమెకు సంతోషించడానికి పెద్దగా ఏమీ లేదు. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆమె బడి బస్సు నడుపుతుంది. చలికాలంలో ఒక తెల్లవారుజామున బస్సు తేవడానికి వెళ్తుంటే, వంతెన దగ్గర డ్వైట్ సెషమ్స్ నీలం బండి ఒంటి దీపంతో ఎదురుగా దూసుకుపోయింది. వంతెన దాటగానే రోడ్డు పక్కన ఏమస్ టీల్ ముసలాయన పడి ఉన్నాడు. అంబులెన్స్ వచ్చేలోగా పోయాడు. ఆ రోజు తన బండి యార్డు గేటే దాటలేదని డ్వైట్ ఒట్టేశాడు. దాటిందని చెప్పగలిగింది లూర్లీన్ ఒక్కతే. అప్పటినుంచీ ఇంటి ఫోన్ మోగడం, ఎత్తితే అవతల ఊపిరి తప్ప ఏమీ వినిపించకపోవడం మామూలైపోయింది. సోమవారం దాకా ఇల్లు కదలొద్దని ప్రభుత్వ వకీలు చెప్పింది. టర్కీలకు ఆ సంగతి ఎవరు చెబుతారని లూర్లీన్ ఆవిడను అడిగింది.

ఈ చోటు సంగతి ఆమె ఒక్కరికే చెప్పింది, మరిది కోయ్‌కి. కోయ్ డ్వైట్ కలప యార్డులోనే పనిచేస్తాడు. నువ్వు సాక్ష్యం చెబితే నా ఉద్యోగం గోవిందా, అయినా చెప్పు వదినా అని నవ్వేవాడు. రాత్రి ఫోన్ చేసి, ఏ చెట్టు, ఎటునుంచి ఎక్కుతావు అని అన్నీ అడిగి తెలుసుకున్నాడు. పొద్దున్నే తనకు డ్యూటీ ఉందని, లేకపోతే తనూ వచ్చేవాడినని బాధపడ్డాడు.

"నీ గుడ్లగూబకు జలుబు చేసినట్టుంటుంది వదినా," అన్నాడు పెట్టేసే ముందు. "పుంజు జాలిపడి పలుకుతోందంతే."

వెలుగొచ్చింది. లూర్లీన్ ముఖానికి ఆకుపచ్చ వల ముసుగు లాక్కుని కూర్చుని, వేటగాళ్ళ చిన్న చెక్క పెట్టె తీసి, మూతను దాని అంచు మీద గీసి పెట్ట పిలుపు వినిపించింది. గట్టు మీద పుంజు వెంటనే పలికింది. కానీ రాలేదు. మళ్ళీ గీసింది. మళ్ళీ పలికింది. కూలిన ఓక్ మాను ఉన్న చోటినుంచే పలుకుతోంది, ఒక్క అడుగు ఇటు వేయడం లేదు. వాగు అవతలి పుంజు మాత్రం నోరు మెదపలేదు.

ఎంతసేపటికీ అదే తంతు. చివరికి లూర్లీన్, వెర్నన్ బతికుండగా ఎన్నడూ చేయనివ్వని పని చేసింది. పలుకుతున్న పుంజు మీదికి పాక్కుంటూ బయల్దేరింది.

వద్దనడానికి కారణం ఉంది. పొదల్లో నేలబారుగా ఏది కదిలినా అవతలి వేటగాడికి టర్కీలాగే కనిపిస్తుంది. ఈ జిల్లాలో వసంతం వస్తే ఎవరో ఒకరి ముఖంలో తుపాకీ గుళ్ళు దిగుతాయి. పుంజనుకున్నానంటాడు కాల్చినవాడు. జిల్లా పోలీసు అధికారి షెరిఫ్ ప్రమాదమని రాసుకుంటాడు. చర్చి ఆడవాళ్ళు రెండిళ్ళకూ వంటలు పట్టుకెళ్తారు.

గట్టు పైకి ఒక ఎండు కాలువ పోతోంది. అందులో సగం దూరం మోచేతుల మీద పాకాక ఆగింది. పుంజు సరిగ్గా ఎక్కడుందో తేల్చుకోవాలి. మెడలో వేలాడుతున్న, కాకిలా అరిచే పీకను నోట పెట్టుకుని గట్టిగా ఊదింది.

కాకి అరుపు సగంలో ఉండగానే వాగు అవతలినుంచి గుళగుళమని పుంజు అడ్డుపడింది. పాత పుంజే, పైన్ చెట్టు వైపునుంచే. లూర్లీన్ ఊదడం ఆపింది. అప్పుడు గట్టు మీద పుంజు పలికింది.

రెండున్నాయన్నమాట అనుకోబోయింది. కానీ ఏదో తేడాగా అనిపించింది. పొద్దుటి కూత గుర్తొచ్చింది. అప్పుడూ ఈ గట్టు పుంజు, కూత ముగిశాకే పలికింది.

మళ్ళీ పీక ఊదింది. ఈసారి కావాలని ఆపకుండా, ఊపిరి ఉన్నంతసేపూ సాగదీసింది. వాగు పుంజు ఆగలేకపోయింది. కాకి మీద కాకి అరుస్తుంటే మధ్యలో పడి రెండుసార్లు కూసింది. గట్టు మీద చప్పుడు లేదు. లూర్లీన్ పీక తీసింది. ఒక్క క్షణం. అప్పుడు వచ్చింది గట్టు మీంచి జవాబు, నిండుగా, తీరిగ్గా.

ఆమె తల ఇంకాస్త నేలకు దించుకుంది.

ఉలికిపడ్డ పుంజు ఎదుటివాళ్ళ అరుపు పూర్తయ్యేదాకా ఆగదు. ఆగడం దాని చేతిలో లేదు. పూర్తిగా విని, ఆలోచించుకుని, అప్పుడు రబ్బరు గొట్టం ఊపి పుంజులా కూయించేది మనిషే. తుపాకులు తిరిగే అడవిలో ఆ గొట్టాన్ని బుద్ధున్న వేటగాడెవడూ బయటికి తీయడు. తీశాడంటే, ఎవరో తన మీదికి పాక్కుంటూ రావాలని తీశాడు. ఆ పాక్కుంటూ వచ్చేది ఆమే. సోమవారం కోర్టులో ఉండాల్సిన ఆమె, కాలువలో నేలబారుగా, మచ్చల చొక్కాతో.

డ్వైట్ అయి ఉంటాడనుకుంది. ఫోన్ తీసి చూసింది. ఇక్కడ సిగ్నల్ రాదని తెలిసే చూసింది. లేచి పరిగెత్తితే వీపు కనిపిస్తుంది. ఇక్కడే పడుకుంటే అతనే దిగివస్తాడు.

ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే. తాను కనిపెట్టానని వాడికి తెలియదు. పిలిస్తే ఇంకా పలుకుతాడు. పలికిన ప్రతిసారీ తన చోటు తానే చెబుతాడు.

కాకి పీక మెల్లగా ఊదింది. జవాబు మాను ఎడమ కొసనుంచి వచ్చింది. ఆమె కాలువలో వెనక్కి జారి, వాగులోకి పోయే పాయలోకి దిగింది. మోకాలి లోతు నీళ్ళు కొరికేస్తున్నాయి, కానీ ప్రవాహం హోరులో అడుగుల చప్పుడు కలిసిపోతోంది. తుపాకీ తలపైకెత్తి పట్టుకుని గట్టు చుట్టూ నడిచింది. వంపు దగ్గర ఆగి, పీకకు అరచెయ్యి అడ్డంపెట్టి, అరుపు కాలువ వైపు పోయేలా తిప్పి ఊదింది. జవాబు వచ్చింది. మాను దగ్గరినుంచి కాదు, దానికి బాగా ఇవతలినుంచి. వాడు కాలువ వైపు దిగుతున్నాడు.

ఆమె ఇంక ఊదలేదు. ఒడ్డెక్కి, ఫెర్న్ ఆకుల మధ్యనుంచి ఒక్కో అడుగూ మునివేళ్ళతో తడిమి వేస్తూ వాడి వెనక్కి చేరింది.

కనిపించాడు. కాలువకు పైన ఒక ఓక్ చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా ఆకు మచ్చలు, ముఖానికి ముసుగు. తుపాకీ గొట్టం కాలువ మలుపుకు గురిపెట్టి ఉంది. పక్కన నేలమీద నల్ల రబ్బరు గొట్టం. కుడి మోకాలు మడిచాడు, ఎడమ కాలు కర్రలా చాపుకున్నాడు.

ఆ కాలు ఆమెకు తెలుసు. ట్రాక్టర్ కింద నలిగిన కాలు. ఆరు వారాలు ఆ కాలికి కట్లు మార్చింది ఆమే.

తుపాకీ భుజానికెత్తింది.

"తుపాకీ కింద పెట్టు, కోయ్."

వాడి భుజాలు బిగుసుకున్నాయి. అలాగే కూర్చుని నవ్వాడు.

"హడలగొట్టేశావు కదా వదినా. డ్యూటీ పడలేదు, అందుకని వచ్చా. ఇద్దరం ఒకే పుంజు వెనక పడ్డామన్నమాట."

"ఏ పుంజు?"

వాడు రబ్బరు గొట్టాన్ని మోకాలి కిందికి లాక్కున్నాడు.

"ఆ గొట్టం ఎందుకు తెచ్చావు? నువ్వు ఏం చెప్పినా వింటాను, ముందు తుపాకీ కింద పెట్టు."

పెట్టలేదు. తల తిప్పకుండానే మొదలుపెట్టాడు. బండిని డ్వైట్ నడపలేదట. ఆ రోజు బండి తాళం కోయ్ దగ్గరే ఉందట. మంచులో ముసలాయన కనపడలేదట. వ్యాపారం మీదికి వస్తుందని డ్వైట్ ఇన్నాళ్ళూ బండే కదల్లేదని బుకాయిస్తున్నాడు. సోమవారం లూర్లీన్ బండిని చూశానంటే, ఇక బుకాయించి లాభం లేదు, నడిపింది ఎవరో డ్వైట్ చెప్పేస్తాడు. ఇదంతా వాడు చాలా మామూలుగా, యార్డులో జరిగిన గొడవేదో చెబుతున్నట్టు చెప్పాడు.

"బండి ఆపావా?" అంది లూర్లీన్.

"ఆపాను. దిగలేకపోయాను."

"నేను వెళ్ళేసరికి ఆయన బతికే ఉన్నాడు. నా చెయ్యి వదల్లేదు."

"ఆ మాట నాకు చెప్పకు వదినా."

"నువ్వు ఆ గొట్టం ఊపితే నేను పాక్కుంటూ వచ్చేదాన్ని కదూ. కాల్చి, రేపు నా శవపేటిక మోసేవాడివి."

కోయ్ నిట్టూర్చాడు. సరే వదినా అన్నాడు. తుపాకీని నేలకు దించుతున్నట్టు వంగాడు. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీటను తప్పించిన చిన్న టిక్కుమనే శబ్దం వినిపించింది. తుపాకీ గొట్టం ఇటు తిరిగింది.

లూర్లీన్ కాల్చింది. వాడి తలపైన ఓక్ బెరడు పేలి కుప్పగా మీద పడింది. వాగు అవతల పుంజు ఆ మోత మధ్యలోనే వెర్రెత్తినట్టు కూసింది. కోయ్ పక్కకు కూలబడి, రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. తుపాకీ జారి ఆకుల్లో పడింది. ఆమె ఇంకో తూటా ఎక్కించింది. ఆ చప్పుడుకు వాడు ఒళ్ళంతా ముడుచుకున్నాడు.

"ఈసారి చెట్టును కొట్టను," అంది.

వాడి తుపాకీ ఖాళీ చేసి వాగులోకి విసిరేసింది. వాణ్ణి ముందు నడవమంది. దారంతా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. అన్న ఉంటే ఇలా జరగనిచ్చేవాడు కాదన్నాడు. అమ్మ తట్టుకోలేదన్నాడు. లూర్లీన్ ఒక్కదానికీ పలకలేదు. వెర్నన్ ఉంటే ఏం చేసేవాడో ఆమెకు తెలుసు. అతను చెట్టును కొట్టేవాడు కాదు.

ఆమె బండి దగ్గరికి వచ్చాక వాడు వెనక్కి తిరిగాడు. ముసుగు తీసేశాడు. ముఖం తడిసి ఉంది.

"నిన్ను పుంజనుకుని గురిపెట్టానని చెబుతాను. నువ్వూ అలాగే చెప్పు. అడవిలో జరిగింది అడవిలోనే పోతుంది. సోమవారం నీ ఇష్టం, నేను అడ్డురాను. ఇప్పుడు నన్ను ఇక్కడ వదిలేసి వెళ్ళు వదినా. ఎటో పోతాను."

"మనిషిని రోడ్డుపక్కన వదిలేసి వెళ్ళడం నాకు చేతకాదు," అంది లూర్లీన్. "ఎక్కు. నువ్వే నడుపు."

ఆమె పక్క సీట్లో కూర్చుంది, తుపాకీ ఒళ్ళో, గొట్టం వాడి పక్కటెముకల వైపు. కొండ ఎక్కగానే సిగ్నల్ వచ్చింది. షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఏమస్ టీల్‌ను కొట్టిన బండి నడిపిన మనిషిని తీసుకొస్తున్నానని, అతను ఈ పొద్దున తనను చంపబోయాడని, రెండు ముక్కలూ స్పష్టంగా చెప్పింది. అతని పేరు అడిగారు. హబర్డ్ అంది. అది మీ ఇంటిపేరు కదా అన్నారు. ఆమె మొదటి పేరు కూడా చెప్పింది.

వంతెన మీద కోయ్ బండి నెమ్మది చేశాడు. ఆమె తుపాకీ మీద పట్టు బిగించింది. వాడు ఆపలేదు. రోడ్డు పక్కకు ఒక్కసారి చూసి, మళ్ళీ వేగం పెంచాడు.

ఆఫీసు ముందు షెరిఫ్ కింది పోలీసులు ఇద్దరు నిలబడి ఉన్నారు. కోయ్ ఇంజన్ ఆపి, తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. తలుపు తెరిచి, ఈసారి తనే దిగాడు.