నల్ల చాప కింద తాడు

చక్రానికి ఏదీ అడ్డు తగల్లేదు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపున తన చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, పక్క తెర చాటుకు చేరేసరికి విల్యా ముఖం వెలిగిపోతోంది. వెలగదూ మరి! నిన్న సాధనలో సరిగ్గా అదే చోట, వేదిక అంచు దగ్గర, ముందు చక్రం దేనికో కొట్టుకుని ముక్కు పచ్చడి కాబోయింది. అందుకే మధ్యాహ్నం వేదిక పనులు చూసే తాపియోను పట్టుకుంది. "ఈ చాప కింద ఏదో గడ్డలా ఉంది, తీసిపారెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలింది. పాపం ఆయన నల్ల చాప ఎత్తి చూస్తే లావుపాటి తాడు. ఎవరో మర్చిపోయి ఉంటారనుకుని చుట్టచుట్టి మూలన పడేశాడు.

"వచ్చావా గంటలమ్మా?"

చీకట్లో ఆ గొంతు ఇరాక్లిది. జార్జియా నుంచి వచ్చాడు, పుట్టుకతోనే చూపు లేదు. విల్యా వేలికి అమ్మమ్మ ఇచ్చిన వెండి ఉంగరం ఒకటుంది. కుర్చీ తోసినప్పుడల్లా అది చక్రం చుట్టూ ఉన్న ఇనప కడ్డీకి తగిలి టింగుమంటుంది. ఈ ప్రదర్శన కోసం పెట్టిన శిబిరానికి నాలుగు దేశాల నుంచి ఇంతమంది వస్తే, ఆమెను మాత్రం ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టేస్తాడు.

"ఇక నీ వంతు. భయంగా లేదూ?" అంది విల్యా.

"భయమా? మా ఊళ్ళో నేను రెండడుగులు గట్టిగా వేస్తే చాలు, 'ఆగరా నాయనా, ఆగు!' అని వీధి వీధంతా గగ్గోలు. చెయ్యి పట్టుకునేవాళ్ళే తప్ప వదిలేవాళ్ళు లేరు. నా జన్మకు పరుగంటూ తీసింది ఇక్కడే. ఇవాళ చూడు, జనాలకు గుండెలు జారిపోవాలి!"

"జారుతాయిలే. అంచు దాటిపోతావేమోనని నాకే జారుతోంది."

"ఎందుకు దాటతానే పిచ్చిదానా? చాప కింద తాడుందిగా! మొదటి రోజే అడిగి పెట్టించుకున్నాను. పాదానికి తగిలిందా, అక్కడే బ్రేకు."

నవ్వుకుంటూ వేదిక మీదికి వెళ్ళిపోయాడు. విల్యా కూడా నవ్వబోయింది. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

తాడు!

శిబిరంలో ఒక పద్ధతి ఉంది. మొదటి రోజు పొద్దున్నే అందరూ గుండ్రంగా కూర్చుని, ఎవరికేం కావాలో ఒక్కొక్కరూ చెప్పుకోవాలి. చిన్నప్పటి నుంచీ విల్యా ఇలాంటివి ఎన్ని చూసిందో! 'ఎవరిక్కావలసింది వాళ్ళు చెప్పుకుంటారు, మధ్యలో నేనెందుకు?' అనుకుని, ఆ రోజు మెల్లగా జారుకుని కాఫీ తాగుతూ కూర్చుంది. దాల్చినచెక్క రొట్టె కూడా తింది, అదొకటి! ఇరాక్లి తన తాడు గురించి చెప్పింది అప్పుడే అన్నమాట.

వేదిక మీద డప్పులు మొదలయ్యాయి. పాత ఓడల షెడ్డు అది, రేకులు దద్దరిల్లిపోతున్నాయి. "ఆపండి!" అని అరిచింది. తన కేక తనకే వినపడలేదు. ఆట నడిపించే మర్యుట్ ఎక్కడో జనాల వెనక, దీపాల గదిలో ఉంది. తాపియో జాడ లేదు. వేదిక అంచు దిగితే మనిషెత్తు లోతు, కింద గట్టి సిమెంటు నేల. ఇరాక్లి వెనక గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. డప్పులు ఆగగానే, ఆ నిశ్శబ్దంలో, తిన్నగా జనం మీదికి పరుగు తీస్తాడు.

విల్యాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చేతులు మాత్రం ఆగలేదు. కుర్చీని వేదిక మీదికి తోసేసింది. ఇదేమిటి, ఈ అమ్మాయి మళ్ళీ వచ్చిందేమిటని ముందు వరసలో ఎవరో గొణిగారు.

డప్పులు ఠక్కున ఆగాయి.

ఇప్పుడు అరిస్తే వినపడుతుంది. 'ఆగు' అన్న ఒక్క మాట చాలు, ఆగిపోతాడు. జన్మంతా అతను విన్న ఆ మాటే, ఇంతమంది ముందు, మళ్ళీ! గొంతు దాకా వచ్చిన కేకను మింగేసింది. అతని దారికి ఎదురుగా తిరిగి, కుర్చీని వెనక్కి, ఇంకా వెనక్కి తోసింది. తను అతనికి ఎంత దగ్గరగా నిలబడితే అతని పరుగు అంత తరిగిపోతుంది. వెనక చక్రాలు అంచు దగ్గరికి వచ్చాక బ్రేకు బిగించి, ఉంగరంతో చక్రం మీద కొట్టింది. టింగ్. టింగ్. టింగ్.

ఇరాక్లి బయల్దేరాడు. చాప మీద ఉత్త పాదాల చప్పుడు. అడుగడుగుకూ దగ్గరవుతున్నాడు. వేగం తగ్గించడేం! దేవుడా, వినపడటం లేదా వీడికి? విల్యా కళ్ళు మూసుకుంది. చెయ్యి మాత్రం ఆపలేదు.

మోకాళ్ళకు ఏదో తగిలింది. కళ్ళు తెరిస్తే ఇరాక్లి మోకాళ్ళు. ఆమె మోకాళ్ళకు ఆనించి, ముందుకు వాలి, రొప్పుతూ నిలబడ్డాడు. షెడ్డు పగిలిపోయేలా చప్పట్లు. ఇదంతా ఆటలో భాగమే అనుకున్నారు జనం.

"తాడేదే?" చప్పట్ల చాటున అడిగాడు.

"లేదు. నేనే తీయించేశాను. నీదని తెలీదు. ఆ రోజు నేను అక్కడ లేను, కాఫీకి పోయాను." అంది విల్యా.

అతను వంగి, కుర్చీ పక్కనుంచి వెనక చక్రం దాకా చేత్తో తడుముకుంటూ వెళ్ళాడు. చక్రం తర్వాత అరచెయ్యంత వెడల్పున చాప, ఆ తర్వాత ఏమీ లేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నేను గుద్ది ఉంటే ముందు పడేది నువ్వు కదే!"

"అవును."

"ఉంగరం మోగితే అక్కడ నువ్వున్నట్టు. ఎలా గుద్దుతాను?" అంటూ లేచాడు. ముఖంలో నవ్వు లేదు. "రేపు పొద్దున్న అందరినీ మళ్ళీ గుండ్రంగా కూర్చోబెట్టమని మర్యుట్‌ని అడుగుతాను. నువ్వు రావాలి."

"వస్తాను. నాకేం కావాలో చెబుతాను."

"చెప్పడానిక్కాదు. వినడానికి."

విల్యా సరేనన్నట్టు తల ఊపింది. ఊపాక, అది అతనికి కనపడదని గుర్తొచ్చి, ఉంగరంతో చక్రం మీద ఒక్కసారి కొట్టింది.