అర శ్రుతి

తప్పు పాడినవాణ్ణి సరిగ్గా పాడినట్టు వినిపించడం నా వృత్తి. నర్సీపట్నంలో సిమెంటు కొట్టు మీద రెండు గదులు, గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి దుప్పటి. అదే నా స్టూడియో. పెళ్లిళ్లకు పాటలు కలిపి ఇస్తాను, ఆటోల్లో తిరిగే ప్రకటనలు రికార్డు చేస్తాను. ఒక్క కీబోర్డే సన్నాయీ వీణా తబలా అన్నీ అయిపోయే ఈ చోట మనుషులు కూర్చుని వాయించే ఆల్బమ్ ఒకటి చేయాలని నాకు పిచ్చి పట్టింది. శరత్‌చంద్ర అన్న నా పేరు అట్ట మీద చూసుకోవాలన్న యావ తప్ప అందులో ఇంకేమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

గొలుగొండ దగ్గర పల్లెలో అప్పలలక్ష్మి దొరికింది. వరినాట్లప్పుడు పాడే ఊడ్పు పాటలు ఎనిమిది కాగితం చూడకుండా పాడేది. ఆమె భర్త లోవరాజు డోలక్ వాయించేవాడు. చెరకు పని చేసుకునే మనిషే గానీ చెవులు మాత్రం పాము చెవులు. ఆమె నోరు తెరిచిన మరుక్షణం డోలక్ తాళ్లకున్న రింగులు జరిపి, చర్మాన్ని ఆమె గొంతుకి కలిపేసేవాడు. ఇరవై ఏళ్లుగా అదే అలవాటు. నేను కంప్యూటర్లో చూసుకుని చెప్పే తేడాని ఆయన వినగానే చెప్పేవాడు.

మా పద్ధతి ఏమిటంటే, ముందు గొంతు ఒక్కటీ పట్టేవాణ్ణి. ఆమె పొద్దుటి బస్సుకి వచ్చి పాడి వెళ్లిపోయేది. పని దిగాక మధ్యాహ్నం లోవరాజు వచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ గొంతు వింటూ డోలక్ వాయించేవాడు. నాలుగు పాటలు అలా చక్కగా అయ్యాయి.

అయిదో పాట కార్తీకంలో. అప్పలలక్ష్మి గొంతు పైకి లేవలేదు. రెండుసార్లు మొదలుపెట్టి, బొంగురుపోయి ఆగిపోయింది. "ఇయ్యాల వొద్దు బాబూ. పది రోజులనుంచీ గొంతుకి ఏటో అడ్డం పడ్డట్టుంది. ఆయనకి సెప్పి విశాఖ ఆసుపత్రికి ఎల్తాను," అంది.

వెళ్లమనాలి. బుద్ధున్నవాడెవడైనా అదే అంటాడు. కానీ పాటలకు వేణువు వాయించడానికి విశాఖ నుంచి వచ్చిన మత్స్యలింగం గారు పక్క గదిలో వేణువులు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన మళ్లీ దొరకాలంటే నెల పడుతుంది. ఆయన వేణువు శ్రుతి మారదు, కాబట్టి గొంతే దానికి అందాలి. అర శ్రుతి కింద పాడెయ్యి అక్కా, కంప్యూటర్లో నేను పైకెత్తేస్తాను, ఎవరికీ తెలీదు అన్నాను. మా ఆయనకి కూడానా అని అడిగింది. ఆయనక్కూడా అన్నాను, గొప్పగా. ఆయనకి చెబితే భయపడి రికార్డింగే ఆపేస్తాడని, అంచేత చెప్పొద్దని నేనే అన్నాను. ఇంట్లో అసలు పాడకు, గొంతు దాచుకో, మాట బొంగురుపోతే మంచు పడలేదని చెప్పు అని సలహా కూడా ఇచ్చాను.

ఆమె నా మాట విన్నది. ఆరో పాట ఒక శ్రుతి కింద పాడింది, ఏడోది ఒకటిన్నర కింద. అన్నీ ఎత్తాను. ఎత్తినది వినిపించినప్పుడల్లా ఆమె మొహం తేటపడేది. "అయితే నాను బాగానే ఉన్నట్టే," అంది ఒకసారి. తన గొంతు తనకే అబద్ధం చెబుతుంటే ఎవరు మాత్రం నమ్మరు? ఆసుపత్రి మాట ఆమే మానేసింది. నేనూ గుర్తు చేయలేదు.

లోవరాజు ఒక్కసారి హెడ్‌ఫోన్లు తీసి, దీని గొంతు సన్నబడిందేమిటని అడిగాడు. కొత్త మైకు అన్నాను. ఆయన నన్ను అనుమానించే మనిషి కాదు.

పుష్యంలో అప్పలలక్ష్మి దగ్గితే రక్తం పడింది. నేనూ వాళ్లతో పాటు విశాఖ వెళ్లాను. ఊపిరితిత్తి పక్కన గడ్డ, అది గొంతు నరాన్ని నొక్కేస్తోందట. గొంతు మారినప్పుడే తీసుకురావలసింది కదా అన్నారు డాక్టరు గారు. లోవరాజు ఆయనతో వాదించాడు. "మాట బొంగురు మంచుకేనండీ, పాటలో గొంతు మారలేదు. డోలక్ వాయించేవోణ్ణి, మారితే నాకు తెలీదేటి?" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆసుపత్రిలో చేర్చిన పందొమ్మిదో రోజున అప్పలలక్ష్మి పోయింది.

పెద్దకర్మ అయిన వారానికి లోవరాజు డోలక్ భుజానేసుకుని వచ్చాడు. ఎనిమిదో పాటకి ఆమె గొంతు ఒక్కటే ఉంది, డోలక్ పడలేదు. దాన్ని అప్పటికే ఎత్తి ఉంచాను. ఆయన కూర్చుని, ఈ ఒక్కటీ ఏమీ కలపకుండా, దాని గొంతు ఉన్నదున్నట్టు పెట్టమన్నాడు. ఎత్తినదే పెట్టినా ఆయనకి తెలిసేది కాదు. ఇన్నాళ్లూ తెలియలేదు కదా. కానీ ఇక నావల్ల కాలేదు. ఎత్తనిది పెట్టాను.

మొదటి అక్షరానికే ఆయన చెయ్యి డోలక్ రింగుల మీదికి వెళ్లింది. ఒకటి జరిపాడు, తట్టి చూశాడు. ఇంకోటి జరిపాడు. గొంతు ఇంకా కిందే ఉంది. అన్ని రింగులూ వదులు చేశాక చర్మం సడలిపోయి, దెబ్బ వేస్తే డొల్లుమంది. ఆయన ఆగి, ఇది ఎప్పటిదని అడిగాడు. మార్గశిరం చివరిదన్నాను, కంప్యూటర్లో ఎత్తి వినిపించేవాణ్ణని కూడా చెప్పాను. ముందువి కూడా ఇలాగే పెట్టమన్నాడు. ఏడు, ఆరు, అయిదు, ఒక్కొక్కటీ పెట్టాను. అయిదోది అయ్యేసరికి ఆయనకి అంతా తెలిసిపోయింది. కార్తీకం నుంచీ అన్నమాట అని తనలో తను అనుకున్నాడు. వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకున్నాడు.

తిడతాడనుకున్నాను. కొడితే పడదామనుకున్నాను. ఆయన నా మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగాడు.

"ఎత్తమని అదే అడిగిందా బాబూ?"

నిజం నా నోటిదాకా వచ్చింది. ఆసుపత్రికి వెళ్తానంది, నీకు చెబుతానంది, నేనే ఆపాను. మూడు ముక్కలు, అంతే.

"అవునన్నా. నీకు చెప్పొద్దంది," అన్నాను.

ఆయన వదులైన రింగులు ఒక్కొక్కటే పైకి జరిపాడు. "ఇరవయ్యేళ్ల కాపురం. నా దగ్గర దాసీసింది," అన్నాడు. ఆమెని ఆయన ఒక మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. డోలక్ సంచిలో పెట్టుకుంటూ, ఈ పాట వద్దన్నాడు. "నన్ను నమ్మని గొంతుకి నాను వాయించను."

చెప్పులేసుకుని మెట్లు దిగాడు. పిలిచి ఉంటే వినపడేది. సిమెంటు కొట్టు దాటి, రోడ్డు దాటి, గొలుగొండ ఆటో ఎక్కేదాకా దుప్పటి పక్కకి లాగి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు.